మార్తమ్మ సమాధి ఎందుకు కట్టలే

మెదక్, సమాధుల తోట. ఈస్టర్‌కు ముందు రోజు పగటిపూట, 2012. మేస్త్రీ యాకోబు తన తల్లిదండ్రుల సమాధికి సున్నం వేస్తున్నాడు. హైదరాబాద్ నుంచి పొద్దున దిగిన కూతురు నవోమి పక్కన నిలబడి ఉంది.

“గీ లైన్ల అన్నీ నువ్వు కట్టినవే గద నాయినా? గా పాలరాతిది?”

“నేనే.”

“గా పెద్ద శిలువది?”

“అదీ నేనే. యోసేపు పెద్దనాయినది. బకెట్ ఇటియ్యి బిడ్డా. ఎడమచేత్తో ఎందుకే, కుడిచేత్తో ఎత్తరాదు?”

“ఎత్తుతున్న గద. మరి అమ్మదెందుకు మట్టికుప్పనే ఉంచినవ్? మూడేండ్లాయె. రేపు తెల్లారంగనే అందరు కొవ్వొత్తులు పట్టుకొని వస్తరు. మేస్త్రీ పెండ్లాం మార్తమ్మకు సమాధే కట్టలేదంటరు.”

“అంటున్నరు. అననియ్యి.”

“సిమెంట్ లేదా? నేను తెప్పిస్త.”

“సిమెంట్‌కేమొచ్చింది. కట్టినంక మళ్ల పగలగొట్టుడెందుకని ఆపిన.”

“మళ్ల పగలగొట్టుడేంది?”

“మీ అమ్మ ఇంకా మొత్తం రాలే గద.”

“నాయినా...”

“నువ్వే చెప్పినవ్. ఆపరేషన్‌ల తీసిన రొమ్ము గడ్డల నుంచి జరంత ముక్క నీ ల్యాబ్‌ల పెట్టిన్రని. అది సావలేదు, సీసల పెరుగుతున్నదని. మురిసిపోయి చెప్పినవ్.”

“చెప్పిన. చెప్పకపోతే బాగుండె.”

“మరి? ఈడున్నది సగం. రేపు ప్రభువు పిలిస్తే అందరు లేస్తరు. మీ అమ్మ ఎట్ల లేస్తది?”

“చర్చి అయ్యగారిని అడగకపోయినవా?”

“అడిగిన. యుద్ధంల కాళ్లు చేతులు పోయినోళ్లు లేవరా యాకోబూ అన్నరు. అయ్యగారికేం ఎరుక. ఆయన కలలకొస్తలేదు గద ఆమె.”

“కలలకొస్తదా?”

“వస్తది. వంటింటి కడప కాడ నిలబడ్తది. లోపలికి రా అంటే రాదు. నాకు భయమైతది బిడ్డా. నా పెండ్లాన్ని చూస్తే నాకే భయమైతది.”

“ఏమన్న అంటదా?”

“ఏమనదు. దేనికో ఎదురుచూసినట్టుంటది. అందుకే అడుగుతున్న, గా సీస తెచ్చియ్యి. ఆమె పక్కల పెట్టి మూసేస్త. మైక్రోస్కోప్‌ల చూస్తే ఎట్లుంటది? నిన్ను గుర్తుపడ్తదా?”

“కండ్లుండయి నాయినా దానికి.”

“నువ్వు మాట్లాడ్తవా దానితోని?”

“మాట్లాడేది. పక్కన ఎవ్వరు లేనప్పుడు. కని అది అమ్మ గాదు. అమ్మను సంపింది.”

“అమ్మ వొంట్లదే అంటివి?”

“వొంట్లదే. జర కూసో, చెప్త. మన వొంట్ల కణాల మీద చేతులసొంటియి ఉంటయి. ఒక తీరువి పక్క కణాన్ని పట్టుకుంటయి. ఇంకో తీరువి కింద నేలను పట్టుకుంటయి, వాటిని ఇంటెగ్రిన్లంటరు. పట్టు ఉన్నన్ని రోజులు ఎక్కడివి అక్కడుంటయి.”

“ఇటుకల లెక్క.”

“ఇటుకకు సిమెంట్ మాలు నువ్వేస్తవ్. ఇవి తామే పట్టుకుంటయి, తామే వదుల్తయి. మంచి కణానికి పట్టు పోతే బతకదు. తనంత తానే సస్తది.”

“మరి మీ అమ్మవి?”

“పక్కదాన్ని వదిలేసినయి. సావలే. చేతులు మార్చుకున్నయి. కొత్త చేతులతోని ముందటి నేల పట్టుకుంట, ఎనకటిది వదులుకుంట నడిసినయి. నెత్తురుల దిగినయి. పోయి పోయి ఎముకల పట్టు దొరికింది. పట్టు దొరికితే లోపలికి కబురు పోతది, ఇగ పెరుగు అని.”

“నడుం నొప్పని పండుకునేది, గదేనా?”

“గదే.”

“నేను నూనె రాసిన బిడ్డా. రోజు రాసిన. లోపల నడుస్తున్నదని నాకేం ఎరుక.”

“ఎవ్వరికి ఎరుక నాయినా. చెప్పు, గసొంటిదాన్ని తెచ్చి అమ్మ పక్కల పండవెడ్తవా?”

“మరి నువ్వెందుకు సాదుతున్నవ్ దాన్ని?”

“గా చేతులను కట్టేసే మందు దేవులాడుతున్నం. పట్టు దొరకకపోతే నడవయి.”

“దొరికిందా?”

“సీసల కొన్నిటికి పనిచేస్తది. మనిషికియ్యాలంటే ఇంకా శాన దూరమున్నది.”

“అయితే సంపెయ్ నవోమీ. నువ్వు చెప్పినంక నాకు గది ఒద్దు. తెచ్చుడొద్దు, ఉంచుడొద్దు. సంపినంక ఒక్క ఫోన్ చెయ్యి. నేను సమాధి కట్టుకుంట.”

“సంపే పని లేదు.”

“అంటే?”

“అమ్మవి పోయినయి. పోయినేడు సకల జనుల సమ్మెల. బస్సుల్లేక నేనీడనే చిక్కుకున్న, యాదికున్నదా? ల్యాబ్‌ల కరెంట్ పోయింది. జనరేటర్‌ల డీజిల్ పోసేటోడు రాలే. నేను పోయి చూసేసరికి పట్టు వదిలి తేలుతున్నయి. అన్నీ.”

“ఇన్ని నెలలాయె. ఒక్క మాట చెప్పలే.”

“నువ్వు ఎదురుచూస్తున్నవని నాకేం తెల్సు.”

“ఏడ్సినవా?”

“ఏడ్సిన. రోగం సచ్చిందని ఏడ్సిన, పిచ్చిదాని లెక్క.”

“అయితే మీ అమ్మ మొత్తం ఈడికి వచ్చినట్టే.”

“వచ్చినట్టే నాయినా.”

“దేవునికి స్తోత్రం. ఇయ్యాల్నే కడ్త. ఇటుకలు ఇంటెనక పడున్నయి. పొద్దు మునిగేలోపట పైన సిమెంట్ పూసే గిలాబు గూడ అయిపోతది. రేపు కొవ్వొత్తి నువ్వే పెట్టు.”

“నేనుండ నాయినా. మూడు గంటల బస్సుకు పోవాలె.”

“పండుగ పూటనా? క్రిస్మస్‌కు రాకపోతివి. ఇప్పుడన్న ఉండు.”

“ఉండాలనే ఉన్నది. ల్యాబ్‌ల కణాలకు రేపు మేత మార్చాలె. ఒక్కపూట ఆలస్యమైనా ఆగవు.”

“పోయినయంటివి గద?”

“అమ్మవి పోయినయి.”

“మరి గవెవరియి?”

“నీళ్లు తెస్త, బకెట్ ఇయ్యి.”

“బకెట్ ఆడ పెట్టు. నా దిక్కు చూడు బిడ్డా. గవెవరియే?”

“క్రిస్మస్‌ల నాకూ గడ్డ తీసిన్రు. నావి నాయినా.”