బందరు లడ్డూతో ఐరోపా ఒక్కటైన వైనం

కాలువ లాకుల పక్కన మహబూబ్ టీకొట్టు. పొద్దున పదింటికి అక్కడ బల్ల మీద ఒక కాగితం ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద పిచ్చేశ్వరరావు గారి టీగ్లాసు ఉంది.

ఆ కాలువ కింద ఐదు ఊళ్ళు. నీళ్ళు తక్కువైన ఏడాది ఎగువనున్న నాలుగు ఊళ్ళూ మూడు రోజులు నీళ్ళు తోడుకోవడం ఆపి, సముద్రం వైపున్న శివారు ఊరికి వదలాలి. దానికి ఐదు ఊళ్ళ ప్రతినిధులూ సంతకం పెట్టాలి. ఒక్కటి తగ్గినా లాకులు తిప్పే లస్కరు గేట్లు ముట్టుకోడు. తాతల నాటి నుంచీ అదే పద్ధతి. నాలుగు సంతకాలు పడ్డాయి. ఐదోది మొవ్వ తరఫున పిచ్చేశ్వరరావు గారిది. శివారు ఊరి తరఫున కనకరత్నం ఆరింటికే వచ్చి కూర్చుంది. ఆవిడ నారుమడి నెర్రెలిచ్చి రెండు రోజులైంది, ఇవాళ నీళ్ళు రాకపోతే నారు చచ్చిపోతుంది.

"సంతకం ఎంతసేపమ్మాయ్, పెడతాను. చదవకుండా పెట్టకూడదు కదా, కళ్ళజోడేమో ఇంటి దగ్గర ఉండిపోయింది, మీ పిన్ని పంపిస్తుంది. ఈలోగా ఇంకో టీ తాగు. ఏవయ్యా మహబూబూ, రత్నానికి అల్లం వేసి ఇవ్వు. ఏంటీ, అందరూ ఒప్పుకోవాల్సిందేనా, ఇదేం పద్ధతీ అంటున్నావా బంగార్రాజూ? ఆ మాట నన్నడుగు. ఇరవై ఏడు దేశాల చేత ఊ అనిపించి వచ్చినవాణ్ణి, నాకు తెలీదూ?"

"ఎప్పుడు బావా?" అన్నాడు బంగార్రాజు. ఆయనది ఎగువ ఊరు. సంతకం పెట్టేసి ఊరికే కూర్చున్నాడు.

"పోయినేడాది. మా అన్నయ్య మనవరాలు భవిత లేదూ, బ్రస్సెల్స్‌లో ఉండి చదువుతోందిగా, దాని దగ్గర మూడు నెలలున్నాను. ఆ పిల్ల చదివేది ఏంటయ్యా అంటే, అన్ని దేశాలు కలిసి ఒకే కాపురం ఎలా చెయ్యాలీ అని. దానికి అంత దూరం ఎందుకే, మన కాలువ గట్టు మీద నాలుగు రోజులు కూర్చుంటే వచ్చేసేది కదా అన్నాను. సరే, ఒకరోజు పక్క ఊళ్ళో ఉన్న దాని కాలేజీ చూద్దామని నేనొక్కణ్ణే రైలెక్కాను. అరగంట ప్రయాణం. మెత్తటి సీటు, చల్లటి గాలి, పొద్దున తిన్న ఉప్మా, కన్ను మూతపడింది. తెరిచేసరికి స్టేషన్ బోర్డుల మీద అక్షరాలకి నెత్తిన చుక్కలున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది జర్మనీ!"

"అయ్యబాబోయ్," అన్నాడు మహబూబ్.

"పాసుపోర్టు భవిత గదిలో పెట్టెలో ఉంది. నా పని అయిపోయింది, ఇక ఈ జన్మకి మొవ్వ మొహం చూడను అనుకున్నాను. ఎవరైనా అడిగితే ఒట్టు! సరిహద్దు ఎక్కడుందో రైలుకే తెలీదు. వాళ్ళ తాతలు ఆ గీత కోసమే ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్నారంట, ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టుకున్నారంట. ఇప్పుడు వీళ్ళు టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున అటు పనికి వెళ్ళి సాయంత్రం ఇటు ఇంటికొస్తున్నారు. ఇక్కడేమో నేను ఈ గట్టు మీంచి ఆ గట్టుకి వెళ్తే ముగ్గురడుగుతారు, ఎక్కడికండీ అని. ఏంటా మోత, వినపడుతోందా మీకు?"

గట్టుకి అవతల ఎక్కడో డీజిల్ ఇంజను డబడబమంటోంది. పొద్దుటి నుంచీ ఆడుతూనే ఉంది. పిచ్చేశ్వరరావు గారు దాన్ని మించేలా గొంతు పెంచారు.

"ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ. నా మొహం చూసే కనిపెట్టింది. సంచిలోంచి రొట్టె తీసి సగానికి విరిచి నా చేతిలో పెట్టింది. ఊరడగలేదు, పేరడగలేదు, ఏ దేశం వాడివని అడగలేదు. తను దిగాల్సిన చోటు మానుకుని, నాతో వెనక్కొచ్చే రైలెక్కి, బ్రస్సెల్స్‌లో భవితకి అప్పజెప్పి మళ్ళీ వెళ్ళింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు బంగార్రాజూ. ఆవిడ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే ఒకసారి మనసులో దణ్ణం పెట్టుకుంటాను."

ఆయన అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ పిచ్చేశ్వరరావు గారు అక్కడ ఆపే మనిషి కాదు.

"ఇంతకీ ఆవిడ ఎవరనుకున్నారు? ఇరవై ఏడు దేశాల ప్రధానమంత్రులు కూర్చునే సభ ఉంటుంది చూడండి, ఆ సభ తాళాలు ఆవిడ దగ్గరుంటాయి! మర్నాడు నన్ను దగ్గరుండి లోపలికి తీసుకెళ్ళింది. నేను ఉత్త చేతులతో వెళ్తానా, బందరు లడ్డూ డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళాను. లోపల పెద్ద గొడవ. పక్కన ఎవరో కష్టంలో ఉన్నారు, సాయం పంపాలి. ఇరవై ఆరుగురు ఊ అన్నారు, ఒకాయన ఊహూ అన్నాడు. ఇట్లాంటి వాటిలో ఒక్కడు ఊహూ అంటే అంతా ఆగిపోతుంది, అదీ వాళ్ళ పద్ధతి."

"మన కాగితం లాగానే," అంది కనకరత్నం.

"అచ్చం ఇలాగే అమ్మాయ్, నువ్వు తెలివైనదానివి. ఇరవై ఆరుగురు బతిమాలుతున్నారు, ఆయన కదలడు."

"ఏ దేశం ఆయన?" అన్నాడు మహబూబ్.

"పేరు చెప్పను. వాళ్ళ ఉప్పు తిన్నాను. నాకు ఒళ్ళు మండింది. లేచి అండీ అన్నాను. అక్కడ ఇరవై నాలుగు భాషలు, ఏది మాట్లాడినా మిగతా వాటిలోకి చెవిలో చెబుతారు. తెలుగొచ్చినవాడు లేడు. అయినా నేను అండీ అనగానే అందరూ చెవుల్లో పెట్టుకున్నవి తీసేసి బల్ల మీద పెట్టేశారు. కృష్ణా జిల్లా అండీకి అనువాదం ఎందుకు? మర్యాద ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డబ్బా తెరిచాను. తలా ఒక లడ్డూ. నెయ్యీ బెల్లం వేసి తొక్కినది, నోట్లో పడితే నాలిక అంగిట్లో అతుక్కోవాల్సిందే. అప్పుడు సభ పెద్దకి సైగ చేశాను, ఇప్పుడడగండీ అని. ఎవరికైనా అభ్యంతరమా అని ఆయన అడిగాడు. ఊహూ ఆసామి నోరు తెరవబోయాడు, తెరుచుకోలేదు. చెయ్యెత్తుదామంటే చేతిలో రెండో లడ్డూ ఉంది. సభ పెద్ద సుత్తి కొట్టేశాడు. ఏకగ్రీవం!"

బంగార్రాజు టీ పొలమారి దగ్గాడు. "అది మోసం కదా బావా," అన్నాడు తేరుకుని.

"మోసమే. నేనూ అదే అన్నాను వాళ్ళతో. అయ్యా, ఎల్లకాలం నోరు అతికించి ప్రజాస్వామ్యం నడపలేం, బందరు నుంచి రోజూ లడ్డూలు ఎవరు తెస్తారు, పద్ధతి మార్చండీ అన్నాను. అక్కడే నేల మీద సుద్దముక్కతో మన కాలువ గీశాను. ఇదిగో ఇక్కడ ఎగువ, ఇక్కడ లాకులు, ఇదిగో శివారు. పద్దెనిమిది మంది ఊ అంటే పని జరగాలి. కాదన్నవాడికి కుర్చీ వెయ్యండి, మైకు ఇవ్వండి, టీ ఇవ్వండి, చివరి మాట దాకా వినండి. అంతేగానీ వాడొక్కడి కోసం పదిమంది పొలం ఎండకూడదు. ఇంకోటి, ఏది పంచినా ముందు శివారు నుంచి మొదలుపెట్టాలి. ఎగువవాడికి ఎలాగూ అందుతుంది. ఇది వినగానే ఇరవై ఏడుగురూ లేచి నిలబడ్డారు. ముందు ఏడ్చింది ఎవరో తెలుసా? ఆ ఊహూ ఆసామే. నా చేతులు పట్టుకుని, ఇన్నాళ్ళూ నాకు ఇలా చెప్పినవాడు లేడండీ అన్నాడు."

కనకరత్నం కాగితం వైపు చూసింది. గ్లాసు దాని మీదే ఉంది, అందులో టీ ఎప్పుడో అయిపోయింది.

"ఇక అక్కణ్ణించి నన్ను వదిలితేనా! ఇరవై ఏడుగురికీ చిలకలపూడి ఉంగరాలు తెప్పించాను, ఒకే డిజైను, అందరూ ఒక ఇంటి వాళ్ళు అన్న గుర్తుకి. వజ్రాలు తీసి పక్కన పెట్టి ఇవే తొడుక్కున్నారు."

"రోల్డుగోల్డుకి గ్యారంటీ ఆరు నెలలే కదా మావయ్యా," అన్నాడు మహబూబ్.

"అందుకే ఆరు నెలలకోసారి కలిసి కూర్చుని మెరుగు పెట్టుకోమన్నాను. కలిసుండటం అంటే అంతేనయ్యా, ఒకసారి పెట్టుకుంటే అయ్యేది కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎన్నికలు పెట్టారు. అందరికీ కలిపి ఒకే ప్రభుత్వం కావాలా అని. నలభై ఐదు కోట్ల మంది లైన్లో నిలబడ్డారు. లైను బ్రస్సెల్స్‌లో మొదలై సముద్రంలో దిగింది, సముద్రంలో వాళ్ళకి పడవల మీద పెట్టెలు పంపాం, మన గిలకలదిండి పడవలే. పోలింగు ఎంతో చెప్పండి? నూట నాలుగు శాతం!"

"ఆ పైన నాలుగు ఎవరు బావా?"

"పుట్టబోయేవాళ్ళు. మాకు ముందే కావాలని పట్టుబట్టారు. ఎవరి హక్కు వాళ్ళది, కాదంటామా? ఒకే ప్రభుత్వమే గెలిచింది. ఇక నదులు మిగిలాయి. రైను ఒక పక్క, డాన్యూబు ఒక పక్క, ఎడమొహం పెడమొహం. పార అడిగాను. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాలకి కలిపేశాను. అక్కడి పెద్ద పెద్ద ఇంజనీర్లు గట్టు మీద లుంగీలు కట్టుకుని నిలబడి చూశారు. నీళ్ళు కలిసిన చోట జనం నన్ను మోసుకెళ్ళి సింహాసనం మీద కూర్చోబెట్టారు, మా మొదటి ప్రెసిడెంటు మీరేనండీ అని. నేను వద్దన్నాను. నాట్లు దగ్గరపడ్డాయి, వెళ్ళాలి. నలభై ఐదు కోట్ల మంది ఒక్కొక్కళ్ళే వచ్చి చెయ్యి కలిపి వెళ్ళారు. ఇదిగో చూడండి, అందుకే ఈ కుడిచెయ్యి ఎడమదానికంటే రెండంగుళాలు సాగింది."

రెండు చేతులూ చాపి చూపించారు. కుడిభుజం కొంచెం ముందుకి వంచారు కాబట్టి సాగినట్టే కనిపించింది. ఇంజను మోత ఆగలేదు. ఆయన గొంతు మాత్రం ఈసారి తగ్గింది.

"నవ్వండి, నవ్వుకోండి. కానీ ఒక మాట. మా నాన్న పెద్దల ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డవాడు. కాలువలో నీళ్ళెప్పుడొస్తాయో ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనకి చెప్పలేదు. ఇవాళ నాకు కుర్చీ వేసి, మీరు ఊ అంటేనే గేటు కదుల్తుందండీ అంటున్నారంటే, అది ఓటు నాకు పెట్టిన భిక్ష. ఇక్కడైనా, ఆ రైలు నడిచే దేశాల్లోనైనా, దాన్ని తెచ్చిపెట్టి పోయిన వాళ్ళెవరో, వాళ్ళందరికీ నా దణ్ణం. అది కోత కాదు."

"కాదు బాబాయ్ గారూ," అంది కనకరత్నం. "అది నేను నమ్మాను. రొట్టె కూడా నమ్మాను."

"మిగతాది?"

"మిగతాదాంట్లో కళ్ళజోడు ఒకటి. అది మీ చొక్కా జేబులోనే ఉంది, మొదటి టీ అప్పటి నుంచీ చూస్తున్నాను."

పిచ్చేశ్వరరావు గారు జేబు తడుముకున్నారు. "అరె, ఇది ఎప్పుడొచ్చింది!" అంటూ పెట్టుకున్నారు. గ్లాసు తీశారు. కాగితం మొత్తం రెండు సార్లు చదివారు, మూడోసారి చదవబోయి కనకరత్నం మొహం చూసి మానుకున్నారు. ప్రెసిడెంటు పదవి వద్దన్న చేత్తోనే సంతకం గీసేశారు.

కనకరత్నం కాగితం అందుకుని కళ్ళకద్దుకుంది. "మీ మేలు మర్చిపోను బాబాయ్. మా ఊళ్ళో నలభై ఇళ్ళ వాళ్ళూ మర్చిపోరు."

"అంత మాటెందుకమ్మా. ముందు శివారుకి, అదేగా నేను చెప్పింది. అసలు ఆ డెన్మార్కులో అయితే..."

కనకరత్నం లేచింది గానీ కదల్లేదు. "మరి ఆ ఇంజనో?"

"ఏ ఇంజను?"

"పొద్దుటి నుంచీ మీరు ఏ మోత మీద గొంతు పెంచి మాట్లాడుతున్నారో, ఆ ఇంజను. వచ్చేటప్పుడు గట్టు మీద చూశాను. పైపు కాలువలో ఉంది, రెండో కొస మీ చేపల చెరువులో ఉంది. చెరువు నిండేదాకానే కదా ఈ కథ?"

బంగార్రాజు తల తిప్పుకున్నాడు. మహబూబ్ గిన్నె కడగడం మొదలుపెట్టాడు. పిచ్చేశ్వరరావు గారికి నోట్లో లడ్డూ లేకపోయినా నాలిక అంగిట్లో అతుక్కుపోయింది. కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నారు.

"చేపపిల్లల్ని వదిలానమ్మా మొన్నే," అన్నారు నెమ్మదిగా. "అడుగు నీళ్ళు తగ్గితే..."

"ఆ పెద్దావిడకీ ఆకలయ్యే ఉంటుంది బాబాయ్ గారూ. అయినా సగం విరిచి ఇచ్చింది."

ఆయన లేచారు. ఇంకేమీ అనకుండా చెప్పులు తొడుక్కుని రెండడుగులు వేశారు. అంతలోనే ఆగి వెనక్కి తిరిగారు, మొహంలో మళ్ళీ వెలుగొచ్చింది.

"ఇంజనంటే గుర్తొచ్చింది, ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐరోపా మొత్తంలో ఇంజన్లన్నీ ఒకే రోజు..."

"ముందు మీది ఆపి రండి బాబాయ్," అంది కనకరత్నం, కాగితం మడిచి కొంగున ముడేసుకుంటూ. "ఐరోపా కాసేపు ఆగుతుంది."