గోడ మీది రాగి చేను

"రెండువేల ఇరవై రెండు, వానాకాలం. చెరువులన్నీ నిండి మరవ పారిన ఏడు" అని మొదలుపెట్టినాను.

మొదలుపెట్టక తప్పలేదు. మా ఊరి పాల డైరీకి కొత్తగా సెక్రెటరీ అయి వచ్చిన గిరీశ్, డైరీ ముందు గోడ మీద నేను గీసిన రాగి చేను బొమ్మకి సున్నం కొట్టించి, దాని మీద డైరీ పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాయిస్తానన్నాడు. "పాలు పోసేవాళ్లంతా ఉంచమంటే ఉంచుతాను తాతా, నీ బొమ్మ మీద నాకేం పగ లేదు. ఈ సాయంత్రం నువ్వే అడిగి చూడు" అన్నాడు.

సాయంత్రం పాల వేళకి ఊరంతా క్యాన్లు పట్టుకొని బచ్చప్ప టీ అంగడి ముందర చేరతాది. గోడ దానికి ఎదురుగానే ఉండాది. నాకు ఇంతకంటే మంచి కచేరి యాడ దొరుకుతాది? పోయి బెంచీ నడిమధ్యలో కూర్చున్నాను. అడిగి తీసుకునే అలవాటు నాకు లేదు. వాళ్ల నోటితోనే ఉంచమని అనిపించాల.

"బొమ్మ బాగానే ఉండాది రామాంజినప్పా. దానికి ఇంత కత యేందప్పా?" అన్నాడు బచ్చప్ప టీ వడపోస్తా.

"కత లేకుండా బొమ్మ యాడ నుంచి వస్తాది? బెంగళూరోళ్లు పుస్తకం ముందర పెట్టుకొని గీస్తారు. నేను మారికుప్పం బంగారు గనిలో, భూమి కడుపులో పని చేసినోడిని. ఆడ రంగు అనేదే లేదు. టోపీ దీపం పడినంత మేర బూడిద, మిగతాదంతా నలుపు. షిఫ్టు దిగి లిఫ్టు బోనులో పైకి వచ్చేటప్పుడు గని నోటి కాడ, రాతి సందులో ఒక గడ్డిపోచ కనిపించేది. దాని పచ్చదనం చూస్తే ఆకలైనోడికి అన్నం కనిపించినట్టే. రాత్రి బడిలో అయ్యవారు పలక ఇచ్చి అక్షరాలు దిద్దమంటే, నేను ముందుపక్క అక్షరం దిద్ది, వెనకపక్క ఆ గడ్డిపోచని దిద్దేవాణ్ణి."

"అందుకే నీ సంతకం ఇప్పటికీ గాలికి ఊగుతా ఉంటాది దొడ్డప్పా" అన్నాడు నాకు కొడుకు వరసయ్యే పాపన్న. పాపన్నకి ఒక ఆటో, రెండు ఆవులు, ఒక నోరు ఉన్నాయి. ఆటోకి ఆవులకి అప్పుడప్పుడు విశ్రాంతి ఉంటాది.

నేను పట్టించుకోలేదు. "ఆ ఏడు చేలో పైరు లేచిందప్పా. పొద్దు పొడవక ముందే పోయి గెనిమ గట్టు మీద కూర్చునేది. పచ్చ అంటే మీరు ఒకటే అనుకుంటారు. ఆకు పైన ఒక పచ్చ, ఆకు అడుగున ఇంగొక పచ్చ, మంచుబొట్టు కింద దాగి ఉండేది ఇంగొకటి. గాలి తోలితే చేను మొత్తం వెనక్కి తిరిగి తెల్లబడి మళ్లా సర్దుకుంటాదే, ఆ మధ్యలో వచ్చే పచ్చకి పేరే లేదు. ఆవు మూతి తడి చూసి నలుపు నేర్చుకున్నాను. పట్టుపురుగు గూడు కట్టే ముందర దాని ఒళ్లు పండి గాజులాగా అవుతాది చూడు, తెల్లవారే ఆకాశానికి ఆ రంగు తీసుకున్నాను. మేఘం ఎట్ల గీయాల్నో తెలియక తల పట్టుకొని ఇంటికి పోతే మా ఇంటామె నరసమ్మ సంగటి గెలుకుతా ఉండాది, కుండలో నుంచి ఆవిరి లేచింది. మేఘం మా వంటింట్లోనే ఉండింది, నేను ఊరంతా వెతకతా ఉండాను!"

"మరి రంగులు యాడ కొన్నావు?" అన్నాడు బచ్చప్ప.

"కొనడమా! ఎరుపుకి చేలో మన్ను. తెలుపుకి కోలారు బంగారు గనోళ్లు పారపోసిన సైనైడ్ దిబ్బ ఇసుక. నలుపుకి పొయ్యి బొగ్గు. పచ్చ మాత్రం మొండికేసింది. ఏ ఆకు పిండి పూసినా రెండు దినాలకే వాడిపోయేది. అప్పుడు నేను ఏం చేసినానో తెలుసా? తెల్లారి పోయి చేనిని కంటినిండా నింపుకున్నాను. రెప్ప కొట్టకుండా గోడ దాకా నడిచి వచ్చినాను. గోడకేసి చూసినాను. కంట్లో ఉండేదంతా గోడ మీదికి దిగిపోయింది."

"నీ చేను నుంచి ఇక్కడికా? రెప్ప కొట్టకుండా?"

"దావలో ఎదురైనోళ్లు పలకరించినా పలకలేదప్పా, రెప్ప కదులుతాదని. ఒక దినం ఈగ ఒకటి కంటికి అడ్డం వచ్చింది. నమ్మకపోతే చూడు, పై మూలలో నల్ల చుక్క ఉండాదే, అది ఆ ఈగే."

క్యాన్లు పట్టుకున్నోళ్లందరూ మూలకి చూసినారు. చుక్క ఉండింది. కొందరు తల ఊపినారు. గిరీశ్ డైరీ వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడి నవ్వుతా ఉండాడు గానీ తల ఊపలేదు.

"పచ్చ ఆరిన దినమే మిడత వచ్చి వాలింది. మిడతకేం తెలుసు అంటారు, సరే. ఆ మరుసటి దినం పాపన్న ఆవు తలుగు తెంపుకొని వచ్చి, గోడని నాకింది చూడు నాయనా, కింద రెండు వరసలు మేసేసింది! నేను మళ్లా గీయాల్సి వచ్చింది. ఆ సాయంత్రం దాని పాలు తెచ్చి ఫ్యాట్ చూసే మిషన్లో పోసినారు. మిషన్‌కి అంకె చాలలేదు. సిగ్గుపడి ఆగిపోయింది."

"ఆ కార్తీకం దాకా నా ఆవు వట్టిపోయి ఉండింది దొడ్డప్పా! చుక్క పాలు లేవు!" అని అరిచినాడు పాపన్న.

"నేను చెప్తా ఉండేది అదేరా! వట్టిపోయిన ఆవు పాలిచ్చింది. మామూలు ఆవు పాలిస్తే దాంట్లో నా బొమ్మ గొప్ప ఏముంది?"

అంగడి అంతా నవ్వింది. బచ్చప్ప నాకు అడగకుండానే ఇంగొక టీ ఇచ్చినాడు. "ఉంచండప్పా ఆ బొమ్మని, ముసలాయన నోటి కోసమైనా" అన్నారు ఎవరో వెనక నుంచి. ఇంగ ఇద్దరు ముగ్గురు అవునన్నారు. గిరీశ్ మాత్రం "అందరూ చెప్పాల తాతా, నలుగురు చెప్తే చాలదు" అన్నాడు. సరే, చాలకపోతే నా దగ్గర ఇంకా ఉండాది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏనుగులు వచ్చినాయి."

ఈ మాటకి అందరూ బెంచీ దగ్గరికి జరిగినారు. తమిళనాడు పక్క అడివి నుంచి ఏనుగులు దిగి బూదికోట చుట్టుపక్కల రాగి చేలు తొక్కిపోవడం మా వాళ్లకి కత కాదు. ప్రతి ఇంట్లో ఒక పంట పోయినోడు ఉంటాడు.

"తెల్లవారుజామున, మంచులో, గుంపు గుంపంతా వచ్చింది. అటు నంజుండప్ప చేను, ఇటు పాపన్న చేను, కోతకి వచ్చి ఉండాయి. వాటికేసి తొండం కూడా తిప్పలేదు. నేరుగా గోడ కాడికి వచ్చి నిలబడినాయి. నేను ఒంటిగా, చేతిలో కుంచె. ఫారెస్టోళ్లకి ఫోన్ చేస్తే, ఏనుగులకి కందకం తవ్వాలంటే మంజూరు కావాల, పై నుంచి రావాల అన్నారు. నేను కుంచె ముంచినాను. చేనుకి ముందర, గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి, ఇంత లోతు కందకం గీసినాను. మంజూరు లేకుండా!"

"ఏనుగులు ఆగినాయా?"

"అన్నీ ఆగినాయి. ఒంటికొమ్ముది ఒకటుండాది, దానికి పొగరు. అడుగు ముందుకేసింది. దబ్బుమని పడింది కందకంలో! గోడలో నుంచి తోక ఒక్కటే బయట. మిగతా ఏనుగులు ఏడుస్తా ఉండాయి. ఊరు లేచింది. జేసీబీ తెప్పించినాము. డ్రైవరు దిగి, లోపల చెయ్యి పెట్టి చూసి, 'నా బకెట్ ఇంత లోతుకి అందదు పెద్దాయనా' అని దండం పెట్టినాడు. పాపం, ఏనుగు ఒకటే అరుపు. మనసొప్పలేదు నాకు. కందకానికి ఒక పక్క వాలు గీసినాను. తడి ఆరేదాకా ఆగమని ఏనుగుకి చెప్పినాను. ఆగింది. ఆరినాక మెల్లిగా ఎక్కి పైకి వచ్చి, తొండం ఎత్తి నాకు సలాం కొట్టి, పోతా పోతా బొమ్మలో నుంచి ఒక్క దుబ్బు రాగి పెరుక్కొని పోయింది. కుడిపక్కన ఖాళీ జాగా కనిపిస్తాది చూడండి, అదే అది పెరికిన దుబ్బు!"

ఈలలు వేసినారు. పాపన్న కూడా చప్పట్లు కొట్టినాడు. "ఉంచాల్సిందే! ఏనుగు పడిన గోడ ఇంగ ఏ ఊర్లో ఉండాది?" అన్నాడు. ఆ మాట పట్టుకొని అందరూ ఉంచాల ఉంచాల అన్నారు. గిరీశ్ చేతులు విప్పినాడు. "సరే తాతా, నువ్వే గెలిచినావు" అనబోతా ఉండాడు, నోరు తెరిచినాడు కూడా.

అప్పుడు గురువమ్మ తన క్యాన్ కింద పెట్టి, ఆ ఖాళీ జాగా చూద్దామని గోడ దగ్గరికి పోయింది. మా చేను పక్కనే ఆమె చేను. ఏండ్ల తరబడి మా చేలో కలుపు తీసింది ఆమే. ముక్కు గోడకి తగిలేంత దగ్గరగా నిలబడి చూసింది. మళ్లా వెనక్కి వచ్చి చూసింది.

"ఏనుగు రాలేదన్నా" అంది.

"నువ్వు చూసినావా?"

"చూడక్కర్లేదు. రాగి మేయడానికి అడివి దాటి వచ్చే ఏనుగు, దీని కోసం ఎందుకు వస్తాది? ఇది రాగి కాదు కదన్నా. కలుపు."

టీ పొంగి పొయ్యిలో పడింది, బచ్చప్ప చూసుకోలేదు.

గురువమ్మ తన పిడికిలి పైకెత్తి చూపించింది. "రాగి కంకి ఇట్ల ముడుచుకొని ఉంటాది. ఇవి చూడండి, వేళ్లు చాపుకొని సన్నంగా. మొలకప్పుడు రెండూ ఒకటే మాదిరి ఉంటాయి, కంకి వచ్చినాక చిన్న పిల్లయినా చెప్తాది. ఆ ఏడు వానకి ఇదే విరగబడి లేచింది. కలుపుకి రానా అన్నా అంటే, పైరు మీద నీడ పడతాది, దూరం పో అని తరిమినావు నన్ను. గెనిమ మీద కూర్చొని దీన్ని చూస్తా ఉంటివి నువ్వు. నరసమ్మక్క ఆ ఏడంతా మా ఇంట్లో రాగులు తీసుకొని పోయింది."

ముందర పాపన్న నవ్వినాడు. ఇంగ ఎవరు ఆగుతారు? క్యాన్లు కింద పెట్టి మరీ నవ్వినారు. ఏనుగు కలుపు తీసి పోయిందని ఒకడు, నా చేలోకి కూడా పంపించు దొడ్డప్పా అని ఇంగొకడు. రెండేండ్లుగా దినానికి రెండు పూటలు ఆ గోడ ముందర నిలబడినోళ్లే వీళ్లంతా.

గిరీశ్ మంచి పిల్లోడు. నవ్వు ఆపుకొని నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "తాతా, రైతుల డైరీ గోడ మీద కలుపు ఉంటే వచ్చేవాళ్లు, పోయేవాళ్లు నవ్వుతారు. ఒక పని చేయి. ఆ కంకుల్ని ముడిచేయి. నీ చేతికి అది ఎంత పని? రాగి చేసెయ్యి. సున్నం మాట నేను ఎత్తను, గోడ నీదే."

"ముడిచెయ్యి దొడ్డప్పా, మేమంతా నీ పక్కే" అన్నాడు పాపన్న. వాడి గొంతులో ఎగతాళి లేదు. గురువమ్మ కూడా, "నా చేలో రాగి కోతకి వచ్చి ఉండాది అన్నా, దాన్ని చూసి గీయి" అంది.

నేను గోడకేసి చూసినాను. పొద్దు వాలి, వెలుతురు అడ్డంగా పడతా ఉండింది. చాపిన వేళ్ల మీద ఒక్కొక్క మంచుబొట్టు, అప్పుడు నేను చూసినది చూసినట్టే.

"ముడవను" అన్నాను.

"యేం తాతా? ఏనుగుని కందకంలో పడేసినోడివి, కంకి ముడవలేవా?"

"ఏనుగు నా నోట్లోది. దాన్ని ఎన్ని కందకాల్లో అయినా పడేస్తాను, రేపు రా, ఇంగో రెండు పడేస్తాను. ఇది చేలోది. ఆ వానలో లేచింది ఇదే, మంచు మోసింది ఇదే, నేను చూసింది ఇదే. చూడని దాన్ని గోడ మీద పెట్టను."

"పంతమా?"

"పంతమే."

"అయితే నేను చేసేదేముంది తాతా" అన్నాడు గిరీశ్. పాలు పోయించుకోవడానికి లోపలికి పోయినాడు. అందరూ వరసలో నిలబడినారు. నేను మిగిలిన టీ తాగి ఇంటికి వచ్చినాను.

మరుసటి దినం పొద్దున గోడకి సున్నం కొట్టినారు.