ఎలుగుబంటి కట్టుడు పన్ను

తాళం తర్వాత ఇస్తాలే మరదలా, ముందు కూర్చో. అక్కా, మా మరదలికి ఒక టీ, చక్కెర కాస్త ఎక్కువెయ్యి, ఆ పిల్ల మనసు మెత్తబడాలి. దర్జీ గారూ, ఈ అమ్మాయి తెలియదు కదూ మీకు? మా ఆవిడ చెల్లెలు. డ్రైవింగ్ స్కూల్లో జనానికి బండ్లు నేర్పిస్తుంది. ఇవాళ మాత్రం నాకు బుద్ధి నేర్పడానికి వచ్చింది. అదిగో, గోడ పక్కన నిలబెట్టానే నా బంగారం, నా మోటార్ సైకిల్, దాన్ని తీసుకెళ్ళి షోరూంలో ఇచ్చేసి, బదులుగా కాళ్ళ దగ్గర సంచీ పెట్టుకునే స్కూటర్ తెస్తుందట! మా ఆవిడ హుకుం. రోడ్డుకీ కొండకీ రెండింటికీ పనికొస్తుందని కొన్నావు, రోడ్డు మీదేమో కూరల సంచీకి చోటు లేదు, కొండ ఎక్కగా చూసిన నాథుడు లేడు, ఇంకెందుకా బండి, అని ఆవిడ వాదన. ఎవరూ చూడకపోతే ఎక్కనట్టేనా చెప్పండి? నేను ఎక్కిన సంగతి చెప్తా, వినండి. విన్నాక కూడా తాళం కావాలంటే తీసుకెళ్ళమ్మా, నేను నోరెత్తను.

"నువ్వు నోరెత్తకుండా ఉండటమా!" అంటూ మరదలు బెంచీ మీద కూర్చుంది. "సరే బావా, టీ అయ్యేదాకా వింటా."

అక్కా, టీ కాస్త వేడిగా ఇవ్వు, తొందరగా తాగలేనంత వేడిగా.

విషయం చాలా చిన్నది. గొప్పలు చెప్పుకోవడం నాకు బొత్తిగా చేతకాదని మీ అందరికీ తెలుసు. మా డాక్టరు గారి ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని నేను కట్టుడు పళ్ళు తయారు చేస్తాను, నా పనేదో నాది. ఆ రోజు ఒక రిటైరైన హెడ్మాస్టరు గారి సెట్టు చేతికొచ్చింది. సాయంత్రం ఆయన పాత విద్యార్థుల సభలో మాట్లాడాలి. పాపం నోట్లో మందుకైనా ఒక పన్ను లేదు. సభ ఊరికి ఆ చివర, నేను ఈ చివర. సెట్టుని బండి పక్కనుండే పెట్టెలో పెట్టుకుని బయల్దేరా. వంతెన దగ్గరికి వెళ్ళేసరికి ఒక లారీ అడ్డంగా పడుకుని ఉంది, వెనక బారులు తీరిన బండ్లు. ఇంకెవరైనా అయితే హారన్ కొడుతూ కూర్చునేవాళ్ళు. నేను ఎడమ పక్కకి చూశాను. కొండ. కొండ మీద మేకల దారి. తిప్పాను హ్యాండిల్. అంతే.

"అంతేనా పళ్ళ మాస్టారూ? ఇందులో వింతేముంది, మేకలు రోజూ ఎక్కుతాయి," అన్నాడు దర్జీ.

మేకల మీద పళ్ళ సెట్లు ఉండవు కదండీ! ముందు బండి సంగతి వినండి. నా బండి ఎంత తేలికంటే, మొన్న గాలి వీస్తే స్టాండ్ వేసిన బండి తనంతట తానే పక్క వీధికి వెళ్ళి నీడలో నిలబడింది. వెతుక్కుని తెచ్చుకున్నా.

"మరి దాని చుట్టూ ఆ కమ్మీలూ, పెట్టెలూ, లైట్లూ అన్నీ బిగించారు కదా, బరువెక్కలేదా?" అన్నాడు దర్జీ.

అందుకే కదా బిగించింది! అవి లేకపోతే ఎగిరిపోదూ? చేతులకు గార్డులు, ఇంజన్ కింద ప్లేటు, వెనక క్యారియరు, రెండు పక్కలా పెట్టెలు, ముందు రెండు ఫాగ్ లైట్లు, ఫోనుకి స్టాండు, గార్డులకి తొడుగులు...

"గార్డులకి తొడుగులెందుకు బావా?"

గార్డుల మీద గీతలు పడవూ? నీకు ఇవన్నీ నేర్పలేదా ఆ స్కూల్లో? సరే, ఎక్కుతున్నా కొండ. మొదట గులకరాళ్ళు, తర్వాత కుండంత రాళ్ళు, తర్వాత ఇల్లంత రాళ్ళు. బండి వాటి మీద తొక్కుడుబిళ్ళ ఆడినట్టు పోతోంది. ఏటవాలు ఎంతంటే, అద్దంలో వెనక్కి చూస్తే రోడ్డు కాదు, నిలువునా కింద మా ఇంటి డాబా కనపడింది. డాబా మీద మా ఆవిడ బట్టలు ఆరేస్తోంది. తలెత్తి నన్ను చూసి, "కూరలు తెచ్చారా?" అంది. కొండ మీద కూడా వదల్లేదండీ నన్ను! నేను హారన్ కొట్టి ముందుకు పోయా.

"అయితే అక్క చూసిందన్నమాట నువ్వు కొండెక్కడం. మరి ఎవరూ చూడలేదంటుందేం?"

దానికి దూరం చూపు ఆనదమ్మా. అక్కా, టీ చల్లారిపోయినట్టుంది, మా మరదలి గ్లాసులో ఇంకొంచెం పొయ్యి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోయ! ఇటు కొండ, అటు కొండ, మధ్యలో ఏమీ లేదు. కిందకి చూస్తే మబ్బులు. ఆగితే హెడ్మాస్టరు గారు బోసి నోటితో సభలో నిలబడతారు. గేరు మార్చా, కళ్ళు మూసుకున్నా, యాక్సిలరేటర్ తిప్పా. లేచింది బండి! గాల్లో ఉండగా ఫోన్ మోగింది. డాక్టరు గారు. "ఎక్కడున్నావయ్యా?" అన్నారు. "దారిలో ఉన్నా సార్," అన్నా. అబద్ధమా? దారి కిందే ఉంది కదా. ఆయన జీతం పెంచడం కుదరదని నచ్చజెప్పి ఫోన్ పెట్టేసేదాకా నేను ఇంకా గాల్లోనే ఉన్నా.

"అంతసేపు గాల్లో ఉంటే పెట్రోలు ఆదా," అంది టీ అక్క, గ్లాసులు కడుగుతూ.

చూశారా, అక్కకి అర్థమైంది! అవతలి కొండ మీద మెత్తగా దిగా, పిల్లి దూకినట్టు. అక్కడ అంతా చిక్కటి చెట్లు, పొద్దు వాలుతోంది. ఫాగ్ లైట్లు వేశా. అంతే, అడవిలో తెల్లారిపోయింది. కోడిపుంజులు కూశాయి.

"అడవిలో కోడిపుంజులా?"

అడవి కోళ్ళుండవా దర్జీ గారూ? కత్తెర పట్టుకుంటే సరిపోదు, లోకం చూడాలి. ఇప్పుడు అసలు సంగతి. ఆ వెలుగులో, దారికి అడ్డంగా, ఒక ఎలుగుబంటి! నిలబడితే ఈ టీ కొట్టు రేకు తగులుతుంది దాని తలకి. ఇంకొకరైతే పైప్రాణాలు పైనే పోయేవి. నేను బండి ఆపలేదు, ఆపకపోతే ఏమైంది, ఆ రాళ్ళ మీద కుదుపుకి పక్క పెట్టెల్లో సెట్లన్నీ డబ్బాల్లోంచి బయటపడ్డాయి. హెడ్మాస్టరు గారివొక్కటే కాదు, ఆ వారం ఇవ్వాల్సినవన్నీ అందులోనే ఉన్నాయి. అన్నీ కలిసి మొదలుపెట్టాయి, టకటక టకటక టకటక! అడవంతా మారుమోగింది. ఎలుగుబంటి అనుకుందీ, ఇదేదో వెయ్యి నోళ్ళ జంతువు, పళ్ళు నూరుకుంటూ నా మీదకి వస్తోంది, అని. గజగజ వణికి, చెంప పట్టుకుని కూలబడిపోయింది.

"చెంపెందుకు పట్టుకుంది?" మరదలు టీ తాగడం ఆపి అడిగింది.

అదీ ప్రశ్న! డ్రైవింగ్ నేర్పే బుర్ర ఊరికే పోతుందా. నేనూ అదే అనుకున్నా. బండి దిగి, "ఏదీ, నోరు తెరువు," అన్నా. తెరిచింది. దవడపన్ను ఒకటి లేదండీ! ఎన్నాళ్ళ నుంచి ఒక పక్కే నములుతోందో పాపం. నా వృత్తి ధర్మం ఊరుకోలేదు. క్యారియరు మీద మైనం ఉంది, కొలత తీశా. కదలకుండా కూర్చుంది, మా ఆసుపత్రికి వచ్చేవాళ్ళకి ఆ ఓపిక ఉంటే ఎంత బాగుండును. హెడ్మాస్టరు గారి సెట్టులోంచి ఒక దవడపన్ను తీసి, దాని చుట్టూ మేం పళ్ళు అతికించే మసాలా పట్టించి, సైలెన్సర్ మీద కాల్చి గట్టిపరిచి, పెట్టేశా. అతికినట్టు సరిపోయింది.

"మరి హెడ్మాస్టరు గారి సంగతి?" అన్నాడు దర్జీ.

ఆయన ఉపన్యాసంలో దవడపన్ను అవసరమయ్యే మాటలు లేవండీ, నేను ముందే అడిగా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎలుగుబంటికి ఆనందం పట్టలేదు. గబుక్కున వెనక సీటెక్కి నా నడుం పట్టుకుంది. దారి చూపిస్తానంటోంది! కుడి భుజం తడితే కుడికి, ఎడమ భుజం తడితే ఎడమకి. మా ఆవిడ కూడా అంత చక్కగా దారి చెప్పదు.

"వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ ఉండాలి బావా. మా స్కూల్లో మొదటి పాఠం అదే."

ఇచ్చానమ్మా! సైజు సరిపోక చేత్తో పట్టుకుంది. మేమిద్దరం కొండ కొసకి వచ్చేసరికి కింద సభ మొదలైపోయింది, హెడ్మాస్టరు గారిని మైకు దగ్గరికి పిలుస్తున్నారు. దిగి వెళ్ళే వేళ లేదు. ఆయన "ప్రియమైన" అందామని నోరు తెరిచారు. సెట్టు చేతిలోకి తీసుకున్నా. గురి చూశా. సభ జరిగే హాలు కిటికీలోంచి లోపలికి విసిరా! వెళ్ళి నోట్లో కూర్చుంది.

"పై వరసా, కింది వరసా?"

పైది పైన, కిందది కింద. ఏం మాటలండీ దర్జీ గారూ! గురి తప్పితే నేను కట్టుడు పళ్ళ వాణ్ణేనా? ఆయన "ప్రియమైన" అన్న మాట మధ్యలో ఆగకుండానే పూర్తయింది. చప్పట్లు! అందరికంటే గట్టిగా కొట్టింది మా ఎలుగుబంటి. ఇప్పటికీ అటు వెళ్తే రెండు పక్కలా నములుతూ కనపడుతుంది, నా హారన్ వినగానే నోరు తెరిచి చూపిస్తుంది, పన్ను కదల్లేదని.

ఇప్పుడు చెప్పు మరదలా. ఇలాంటి బండిని ఇచ్చేసి స్కూటరా? హాస్యం కాదమ్మా, నిజంగా చెప్తున్నా, పొద్దున్నే దాన్ని తుడిస్తే గానీ నాకు ముద్ద దిగదు. రోజంతా ఆ గదిలో కూర్చుని ఎవరి నోళ్ళో చూస్తూ ఉంటానా, సాయంత్రం బయటికొచ్చి దాని మీద కూర్చోగానే ఎక్కడికైనా వెళ్ళగలను అనిపిస్తుంది. స్కూటర్ మీద అలా అనిపించదు. మీ అక్కకి నువ్వే నచ్చజెప్పాలి.

మరదలు గ్లాసు కింద పెట్టి లేచింది. బండి దగ్గరికెళ్ళి, వెనక చక్రం ముందు గొంతుక్కూర్చుని, మట్టిదారుల కోసం చేసిన బటన్ల టైరు మీద చెయ్యి వేసి నిమిరింది.

"బావా, ఒక్క సందేహం. ఇన్ని రాళ్ళూ రప్పలూ తొక్కిన టైరుకి పుట్టువెంట్రుకలు ఇంకా రాలలేదేం?"

దర్జీ మెడలోని టేపు సర్దుకుంటూ వెళ్ళి వంగి చూశాడు. కొత్త టైరుకి ఉండే సన్నటి రబ్బరు పోగులు. రోడ్డుకి ఆనే నడుమ భాగంలో అరిగిపోయాయి గానీ, రెండు అంచులా లేత గడ్డిలా నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"మట్టిలో ఒక్కసారి దిగినా ఈ అంచులవి ఒక్కటి మిగలదు," అంది మరదలు. "గార్డుకి గీత పడుతుందని తొడుగేసినవాడివి, టైరుకి మట్టి అంటనిస్తావా? ఈ బండి ఇంటికీ ఆసుపత్రికీ తప్ప మూడో చోటు చూడలేదు."

అవి... అవి టైరువి కావమ్మా! ఎలుగుబంటివి. వెనక కూర్చుంది కదా, వచ్చేటప్పుడు ఊడి అంటుకుపోయాయి.

మరదలు ఒక పోగు పట్టి లాగింది. అది సాగి సాగి, చేతిలోంచి జారి టప్పున వెనక్కి వెళ్ళింది.

"రబ్బరు ఎలుగుబంటా పళ్ళ మాస్టారూ?" అంది టీ అక్క. దర్జీ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు నవ్వలేక. పళ్ళ మాస్టారు కూడా నవ్వబోయాడు గానీ, మరదలు చాపిన చెయ్యి చూసి నవ్వు ఆగిపోయింది. జేబులోంచి తాళం తీసి, ఒకసారి చొక్కాకి తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు. అన్న మాట ప్రకారం నోరెత్తలేదు.

మరదలు తాళం గుప్పిట్లో పట్టుకుని, ఫోన్ తీసి, వాళ్ళక్కకి చేసి, అందరికీ వినపడేలా పెట్టింది.

"అక్కా, చూశాను. కొండ ఎక్కలేదు."

"నాకు తెలుసుగా! ఇంకేం, షోరూంకి తీసుకెళ్ళిపో."

"తీసుకెళ్తా. కానీ ఒక్క మాట ఆలోచించు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా. ఉన్న బండి గురించే బావ ఇప్పుడు ఇంతసేపు చెప్పాడు, ఎలుగుబంటికి పన్ను కూడా పెట్టాడు. అదీ ఇక్కడ టీ కొట్టులో. రేపట్నుంచి పోయిన బండి గురించి ఇంట్లో నీకు చెప్తాడు. రోజూ. నువ్వు అన్నం వడ్డిస్తుంటే చెప్తాడు, పడుకోబోతుంటే చెప్తాడు."

ఫోనులో కుక్కర్ కూత ఒకటి వినపడింది.

"ఒసేయ్," అంది అక్క చివరికి, "తాళం ఆయనకిచ్చెయ్. కూరలు నేనే నడిచెళ్ళి తెచ్చుకుంటా."