బూటులో అట్ట

అక్క పెట్టెకున్న పిడి తిప్పగానే దాని మీది అట్టబొమ్మ నడక మొదలుపెట్టింది. టక్కు... టకటక్కు. చెల్లెలు చటుక్కున బొమ్మ వైపు వంగింది.

“అక్కా, ఇదేంటే, కుంటుతోంది! అచ్చం నాన్నలా.”

“కాళ్ళు ఆడించే లోపలి చక్రం గుండ్రంగానే కోశానే. చిల్లు మాత్రం ముందే ఉంది, కాస్త పక్కగా. అందులోనే పిడి పుల్ల దూర్చాను.”

“ఆ చక్రం అట్ట ఎక్కడిది?”

“నాన్న బూటులోది. పొట్టికాలికి ఎత్తు కోసం పెట్టుకునేవాడే, అదే. మేకు గుచ్చుకుని చిల్లు పడింది.”

“ఆయన పోయి ఏడాదైనా కాలేదు. కొయ్యడానికి చేతులెలా వచ్చాయే?”

పక్కగదిలో మంచం కిర్రుమంది.

“ఏమండీ, వచ్చారా?”

మతి తప్పిన అమ్మ గొంతులో ఎన్నాళ్ళకో సంతోషం.

“ఆపవే అక్కా, నీకు దణ్ణం పెడతాను.”

అక్క తిప్పుతూనే ఉంది.

“ఆపితే అమ్మ మళ్ళీ ‘ఆయనేరీ’ అంటుంది. పోయారని ఈసారి నువ్వు చెప్తావా?”