అందరికీ కనిపించే పేజీ

మీటింగు ముగిసి అందరూ వెళ్లిపోయాక వీడియో కాల్‌లో ఇద్దరే మిగిలారు: వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్న టీం లీడరు, వేరే ఊళ్లో తన గదిలో కూర్చున్న ప్రోగ్రామరు. అతన్ని టీం అంతా మౌనస్వామి అంటారు.

"మళ్లీ మ్యూట్‌లో ఉన్నావు, మౌనస్వామీ. పెదాలు కదుల్తున్నాయి, మాట రావట్లేదు."

"సారీ అక్కా. ఆసుపత్రివాళ్లు ఫోన్ చేశారా అని..."

"చేశారా ఏంటి, చెవులు చిల్లులు పడ్డాయి! నలభై మంది రోగులకి మన యాప్ తప్పు అపాయింట్‌మెంట్ టైము పంపింది. ఎవరో పెద్దాయన రక్తపరీక్షకని పరగడుపున వచ్చి, ఆరు గంటలు కూర్చుని, కళ్లు తిరిగి పడిపోయాడు."

"అయ్యో! ఇప్పుడెలా ఉన్నారు?"

"లేచాడు, బాగానే ఉన్నాడు. అది కాదు నేనడిగేది. టైము తప్పుగా పోతోందని నీకు ముందే తెలుసా?"

"అంటే... అనుమానం."

"అనుమానమా, తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మంగళవారం."

"మంగళవారం! ఇవాళ శుక్రవారం! నువ్వు పడుకునే వేళకి అవతలి దేశంలో మనవాళ్లు లేస్తారు. ఒకేచోట కూర్చుని పనిచేసేవాళ్లం కాదు. మనకున్నదల్లా ఏ సమస్య వచ్చినా అందరూ చూసేలా రాసుకునే ఆ ఆన్‌లైన్ పేజీ ఒక్కటే. అందులో ఒక్క ముక్క రాసుంటే నువ్వు లేచేసరికి వాళ్లు సరిచేసి పెట్టేవాళ్లు కదా?"

"నిజమే."

"నిజమే నిజమే అని తలూపకు. ఎందుకు రాయలేదు?"

"అదీ... ఆ పేజీ ఆసుపత్రివాళ్లు కూడా చూస్తారు కదక్కా."

"చూస్తే చూడనీ. దాపరికాలొద్దని ప్రతి మీటింగులో గొంతు చించుకుంటున్నానా, లేదా?"

"చించుకుంటున్నారు."

"వెటకారమా?"

"ఛఛ, కాదక్కా. చేరిన కొత్తలో ఓసారి ఆ పేజీలోనే రాశాను. ఇది నా పొరపాటు, ఎవరైనా సాయం చేయండి అని."

"మంచి పనే చేశావు. మరి? ఎవడైనా నవ్వాడా? చెప్పు, ఇప్పుడే దులిపేస్తాను."

"నవ్వలేదు. పావుగంటలో తీసేశారు."

"ఎవరు తీసేసింది?"

"పోనివ్వండక్కా, పాత సంగతి."

"పోనివ్వను. ఎవరా పెద్దమనిషి?"

"మీరే. ఇలాంటివి నలుగుర్లో పెడితే పరువు పోతుంది, ఏదున్నా నాకు విడిగా చెప్పు అన్నారు."

"నేనా? నేనెందుకంటాను... అన్నానేమో. సరే, అన్నాను. అప్పుడు కొత్త క్లయింటు, భయం. అయితే మాత్రం? ఆ విడిగానైనా చెప్పొచ్చుగా! నోట్లో నాలుక లేదా? మూడు రోజులు కడుపులో పెట్టుకుని కూర్చుంటావా?"

"చెప్పానక్కా. మంగళవారం పొద్దున్నే, మీ ఒక్కరికే మెసేజ్ పంపాను. మీరింకా తెరిచి చూడలేదు."