కదలని వెనక చక్రాలు

నాచారంలో ఇంటి ముందు రేకుల షెడ్డు కింద పాత ఫియట్ నిలబడి ఉంది. కొడుకు వెనక చక్రం విప్పి, బిగుసుకుపోయిన హబ్‌కు, దాన్ని బయటికి లాగే పుల్లర్ తగిలించి సుత్తితో కొడుతున్నాడు. ప్రతి దెబ్బా తల్లి గుండెల మీదే పడుతోంది.

“నట్టు మొత్తం తియ్యకు బిడ్డా. హబ్ ఎగిరి మొఖానికి తగులుతదని మీ నాయిన అంటుండె.”

“నాలుగు సుట్లు ఉంచిన, ఫికర్ జెయ్యకు. గింత మొండిగ ఎందుకున్నదో సమజైతలేదు.”

“రానప్పుడు ఇడిసిపెట్టరాదు? పాత సామానోనికి ఇచ్చేద్దాం.”

“లోపల బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కున్నయమ్మా. హ్యాండ్‌బ్రేక్ గుంజి ఏండ్లకేండ్లు ఇడిసిపెడితెనే గిట్లయితది. నాయిన ఎన్నడూ గట్ల పెట్టేటోడు గాదు.”

ఆమె తడి లేని చేతులను కొంగుకు తుడుచుకుంది.

“నేనే గుంజిన.”

“నువ్వా? ఎప్పుడు?”

“మీ నాయిన ఉప్పల్ సిగ్నల్ కాడ ఈ స్టీరింగ్ మీదనే పడి పాణమిడిసె. సమాధి జేసొచ్చిన తెల్లారి రెండు చేతులతోటి గుంజిన. నువ్వు నడుపుతవని భయమైంది.”

సుత్తి ఆగింది.

“కారు కదలదనే గదనే నేను బైక్ కొన్నది! చెంగిచెర్ల కాడ లారీ గుద్దితే కాల్ల రాడ్డు ఏయించుకుంటి. కారుంటే బైక్ ఎందుకెక్కుతుంటి?”

“నాకెరికే.”

“ఇప్పుడు ఈ హబ్ వస్తే మల్ల హ్యాండ్‌బ్రేక్ గుంజుతవా?”

ఆమె అతని కాలివైపు చూడలేదు.

“గుంజుత. నిన్ను లారీ గుద్దిన దినం బైక్ తాళంచెవి గూడ దాచిపెట్టకపోతినని ఏడుస్తున్న.”