మూడోసారి కాచిన మొక్కజొన్న సూపు

భార్య నిన్న సాయంత్రం మూసుకున్న పడకగది తలుపు అతనికి ఇంకా తెరుచుకోలేదు. మోటార్లు బాగుచేసే అల్లుడు, కూతురి కోసం వచ్చిన అత్తగారు వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి ఉన్నారు.

“మరుగుతుండగా నిమ్మకాయ పిండేశారేమిటి అత్తయ్యా? చూడండి, పాలన్నీ విరిగిపోయాయి.”

“అయ్యో, చేయి జారింది అల్లుడుగారూ.”

“నలభై ఏళ్ళుగా వండుతున్నారు. దించాకే పిండాలని ఫోన్లో ఆ వంట వీడియో ఆవిడ రెండుసార్లు చెప్పింది కూడా.”

“మెక్సికో వాళ్ళ సూపు నేనెప్పుడు కాచాను? పారబోసి మళ్ళీ మొదలుపెడదాం. పొత్తులు ఇంకా రెండున్నాయి.”

“మళ్ళీనా? మొదటిసారేమో గింజలు వేగలేదన్నారు. ఇప్పుడిది. ఇలాగైతే తెల్లారినట్టే.”

“తొందరపడితే ఏదీ కుదరదు. ఉల్లిపాయ తరగండి. ఇంకా సన్నగా.”

“మోటార్లకి తీగ చుట్టే చేతులండీ ఇవి. ఇంతకన్నా సన్నగా రాదు.”

“వస్తుంది. వెన్న వేసి, గింజల మీద మచ్చలు పడేదాకా వేయించండి.”

“ఒక్క మాట చెప్పండి. రాత్రి తన పక్కనే పడుకున్నారు కదా, ఏమంది?”

“ఏమంటుంది? జీలకర్ర పొడి వేశారా?”

“వేశాను. నా గురించి ఏమైనా అందా?”

“సగం గింజలు రుబ్బాలి, సగం అలాగే ఉంచాలి. మీరే చెప్పారు.”

“నేనడిగింది అది కాదు.”

“అడుగంటుతోంది, కలపండి.”

“కలుపుతూనే ఉన్నాను. పొద్దున్నే తలుపు కొడతానంటే వద్దన్నారు. తనకి ఉద్యోగం ఖాయమైన రోజు స్నేహితురాళ్ళతో హోటల్లో తాగిన సూపు, అది చేసి పెడితే మెత్తబడుతుందన్నారు. ఇదిగో, కాచీ కాచీ నేను మెత్తబడ్డాను. తనెలా ఉందో తెలీదు.”

“పాలు పోయండి. మంట తగ్గించి, కొంచెం కొంచెంగా.”

“అత్తయ్యా.”

“ఊఁ.”

“ఆ కళ్ళాసుపత్రి వాళ్ళు పంపిన ఉద్యోగం కాగితం... వారం కిందటే వచ్చింది. నేనే దాచాను.”

“తెలుసు. దానికీ తెలుసు. వాళ్ళకి ఫోన్ చేసి ఇంకోటి తెప్పించుకుంది.”

“తెప్పించుకుందా? నాతో అనలేదే.”

“మీరు అన్నారా?”

“అనలేదు. అంత దూరం ఊరు, నెలకోసారి వస్తానంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తప్పే అత్తయ్యా. రాత్రంతా హాల్లో దొర్లుతూ అదే ఆలోచించాను. ఈ గిన్నె చేతికిచ్చి, వెళ్ళిరా అని చెప్తాను. నేనే తీసుకెళ్ళి దింపి, గది కూడా చూసి వస్తాను.”

“ఈ మాట పొద్దున్నే అనకపోయారా?”

“ఎక్కడ అననిచ్చారు? లేచీ లేవగానే చేతిలో సంచీ పెట్టారు. సరే, ఇదిగో, మీగడ వేశాను, కారం సరిపోయింది. రుచి చూడండి. ఈసారి వంక పెట్టకండి.”

“వంకేం లేదు. బాగుంది.”

“అయితే తీసుకెళ్తున్నాను.”

“ఆగండి.”

“ఇంకేమిటి? ఉప్పా?”

“గిన్నె కింద పెట్టండి, చెయ్యి కాలుతుంది. అమ్మాయి గదిలో లేదు. మీరు మొక్కజొన్నకని బజారుకెళ్ళగానే నేనే ఆటో ఎక్కించాను. రైలు కదిలేదాకా మిమ్మల్ని ఈ పొయ్యి దగ్గర నిలబెట్టమని అడిగింది... కదిలి అరగంటైంది, అల్లుడుగారూ.”